వీధియే విద్యానగరము

(దామెర్ల రామారావుగారి స్మృత్యర్థము గోవాడలో చేసిన ఉపన్యాసమునకు ముద్రితపాఠము)

1897 మార్చి 8వ తేదీన జన్మించి, 1925 ఫిబ్రవరి 6వ తేదీన, అనగా ఇరువదియెనిమిదేండ్లైన నిండకముందే, మశూచివాతబడి కన్నుమూసిన ఒక చిత్రకారుని స్మరించుటకు రాజమహేంద్రవరమునకుగాని, బందరునకుగాని పోక, చెరకుతోటల నడుమ నున్న ఈ గ్రామమున మనము కూడుట కొందరికి వింతగా తోచవచ్చును. నాకట్లు తోచలేదు. గానుగాట నడచుచున్న ఈ దినములలో, సహకార చక్కెర కర్మాగారపు వాకిట చెరకుబండ్లును, ట్రాక్టర్లును బారులు తీరి వంతుకై వేచియుండగా, ఆ బారు ప్రక్కనుండియే నేను నడచి ఈ సభకు వచ్చితిని; వచ్చుచు, ఈ వీధిని ఎవరైనను ఎన్నడైనను చిత్రించిరా యని నన్ను నేను ప్రశ్నించుకొంటిని. ఈ ఉపన్యాసమంతయు ఆ ప్రశ్న చుట్టునే తిరుగును.

నేను మొదట మీ ముందుంచదలచిన చిత్రము రామారావుగారిది కాదు. మన దేశమునకు చెందినదియు కాదు. ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు 1674లో ఒక గోడపంచాంగమును ముద్రించుట మొదలుపెట్టిరి. పెద్ద కాగితముపై పైభాగమున ఒక చిత్రము, క్రింద మాసములు, తిథులు, కళాశాలాధిపతుల పేర్లు, విశ్వవిద్యాలయాధికారుల పేర్లు: ఇదియే దాని రూపము. మన ఇండ్లలో ఉగాదికి గోడకు తగిలించుకొను పంచాంగమునకు దూరపు చుట్టమనవచ్చును. 1799 మొదలు 1811 వరకు వెలువడిన ఆ పంచాంగములలో పదింటికి నీటిరంగుల చిత్రములు వ్రాసియిచ్చినవాడు టర్నరు. తరువాత ప్రపంచవిఖ్యాతుడైన ఆ చిత్రకారుడు ఆ పని చేపట్టునాటికి ఇరువదియైదేండ్లకు మించని యువకుడు. ఆ పదింటిలో 1806వ సంవత్సరపు పంచాంగమున ముద్రితమైన చిత్రము ఒక వీధిని చూపును. ఆ వీధి పేరు టర్ల్ స్ట్రీటు. ఎడమవైపున ఎక్సెటర్ కళాశాల, వీధి చివర ఆల్ సెయింట్స్ దేవాలయపు శిఖరము, నడుమ ఇరుకైన బాట. అంతకుమించి చెప్పుకొనదగిన ఘట్టమేదియు అందులో లేదు. పట్టాభిషేకము లేదు, యుద్ధము లేదు, దేవతాసాక్షాత్కారము లేదు.

ఆ చిత్రపు ముద్రితప్రతి ఒకటి చాలకాలముగా నా వ్రాతబల్ల యెదుట నున్నది. చూచిన కొలది నాకు స్పష్టమైన విషయమొకటి కలదు. విశ్వవిద్యాలయమును చూపుమన్నచో మనలో నెవ్వరమైనను ప్రధానభవనమును చూపుదుము. గోపురమును, గడియారమును, స్నాతకోత్సవమందిరమును చూపుదుము. అచ్చటివారు తమ పంచాంగమున కొక సంవత్సరము వీధినే ఎన్నుకొనిరి. భవనము విద్యకు నివాసమే గాని, విద్య ఒకరినుండి మరియొకరికి ప్రవహించుచోటు, గురువు శిష్యునకు తరగతిలో చెప్పనిమాట చెప్పుచోటు, పుస్తకవిక్రేతయు, దర్జీయు, పాలవాడును, పండితుడును ఒకరినొకరు ఒరసికొని నడచుచోటు వీధి. విద్యానగరమును విద్యానగరముగా చేయునది భవనము కాదు, వీధి. ఆ వీధి యొకనాటి యెండలో ఎట్లుండెనో తరువాతివారికి చెప్పగలది శాసనము కాదు, చిత్రము. ఈ రెండు మాటలును నా ప్రతిపాదన. మిగిలినదంతయు దీనికి వ్యాఖ్యానము.

వ్యాఖ్యానమునకు ముందు సాధనమును గూర్చి కొంచెము చెప్పవలసియున్నది, ఏలయన నీటిరంగులకును వీధికిని గల మైత్రి యాదృచ్ఛికము కాదు. తైలవర్ణచిత్రమునకు గది కావలెను, చట్రము కావలెను, ఆరుటకు దినములును వారములును కావలెను. నీటిరంగుల చిత్రకారునకు ఒక కాగితము, ఒక చిన్న పెట్టె, ఒక చెంబు నీరు చాలును. అరుగుమీద కూర్చుండి, నీడ ఒక గోడనుండి మరియొక గోడకు జరుగులోపల పని ముగించి లేవవలెను. ఆ రంగుబిళ్ళలలో నేమున్నదో యెరిగినచో గోవాడవారికి ఆశ్చర్యము కలుగును. మెత్తగా నూరిన వర్ణద్రవ్యమును కాగితమునకు అంటించునది తుమ్మజాతి చెట్టునుండి కారిన జిగురు. ఆ బిళ్ళ ఎండి పగిలిపోకుండ తడిని పట్టియుంచుటకు పూర్వపు రంగులు చేయువారు అందులో తేనెగాని, పటికబెల్లముగాని కలిపెడివారు. ఇక ఆంగ్లచిత్రకారుల పెట్టెలలో తప్పక నుండిన రంగులలో నీలిమందు ఒకటి. మన కోరమండలతీరమున ఓడలకెక్కిన సరకులలోను నీలి ఒకటి. పాశ్చాత్యమని మనము దూరముగ నుంచిన ఈ కళకు కావలసిన జిగురును, తీపిని, నీలమును మన పొలములెరుగును.

ఇంకొక గుణము కలదు. నీటిరంగులలో తెలుపు పూయుట ఉత్తములు అంగీకరింపని పద్ధతి. తెలుపు కావలసినచోట కాగితమును ముట్టక విడిచిపెట్టవలెను. వెలుగు ఎచ్చట పడవలెనో కుంచె ముంచకముందే నిర్ణయించుకొనవలెను. పిమ్మట దిద్దుబాటు లేదు. మన గృహిణులు వేకువనే కల్లాపి చల్లి పెట్టు ముగ్గు దీనికి సరిగా ఎదురుపద్ధతి: అక్కడ నేల చీకటి, తెలుపు చేతినుండి జారును. రెండింటను తప్పిన గీత తప్పినట్లే నిలుచును. ముగ్గు మాట వచ్చినది గనుక ఇచ్చటనే ఒక అభియోగము కూడ చెప్పి ముందుకు పోయెదను. వేలయేండ్లుగా మనవారు వీధిమీద చిత్రము వేసిరి, వీధిని చిత్రింపలేదు.

ఇది కఠినమైన మాట యని నేనెరుగుదును. మనకు విద్యానగరములు లేకపోవుటచేత నిట్లయ్యెనా యన్నచో, అట్లు కాదని చెప్పుటకు దూరము పోనక్కరలేదు. ఇచ్చటికి పొరుగుననే, అనకాపల్లి చెంతనున్న శంకరమను గ్రామపు పేరే సంఘారామశబ్దము యొక్క వికృతి యని పెద్దలు నిర్ణయించిరి. బొజ్జన్నకొండ, లింగాలకొండల మీద రాతిని తొలిచి నిర్మించిన స్తూపములు, గుహలు, భిక్షువుల గదుల పునాదులు నేటికిని చూడవచ్చును. 1906లో అలెగ్జాండర్ రీ యను పురావస్తుశాస్త్రజ్ఞుడు అచ్చట త్రవ్వకములు జరిపెను. శతాబ్దములపాటు భిక్షువులు చదివి, చదివించిన చోటది. కొండక్రింది పల్లెనుండి భిక్షకై వారు నడచిన బాట యేది? ఆ బాట కిరుప్రక్కల ఎవరి యిండ్లుండెను? ఇటుకలు చెప్పవు.

శాసనములు మరికొంత చెప్పును. 1261లో రుద్రమదేవి కాలమున వ్రాయించిన మల్కాపురశాసనము మన విద్యాచరిత్రలో అమూల్యమైన పత్రము. కాకతి గణపతిదేవుడు గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వరశంభువునకు మందడమును ఇయ్యగా, రుద్రమదేవి వెలగపూడిని చేర్చి ధారపోసెను. ఆ ఆచార్యుడు అచ్చట ఆలయమును, మఠమును, అన్నసత్రమును, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, విద్యాలయమును నెలకొల్పెను. ఋగ్యజుస్సామవేదములు చెప్పుటకు మువ్వురు, పదవాక్యప్రమాణసాహిత్యాగమములు చెప్పుటకు ఐదుగురు ఉపాధ్యాయులు నియుక్తులైరి. వైద్యుడున్నాడు, కాయస్థుడున్నాడు. ఎవరికెంత భూమియో యున్నది. ఇంత సూక్ష్మముగా ఒక విద్యాగ్రామపు వ్యవస్థను చెప్పిన శాసనములు అరుదు. అయినను, శాసనమంతయు చదివి కన్నులు మూసికొన్నచో మనకు జమాఖర్చు కనబడునే గాని, సాయంకాలము సాహిత్యోపాధ్యాయుడు ప్రసూతిశాల ముందునుండి నడచిపోవునప్పటి వీధి కనబడదు. ఆ మందడము, ఆ వెలగపూడి నేడు మన రాజధానిప్రాంతములో నున్నవి. సచివాలయము వెలగపూడిలోనే యున్నది. ఏడువందల యేండ్లు దాటిన పిమ్మట అచ్చటికి మరల రాజశాసనము వచ్చినది. వీధి మాత్రము రెండుమారులును చిత్రముగా మిగులలేదు.

మన కవులు వీధిని చూడలేదా? చూచిరి, అద్భుతముగా చూచిరి. పురవర్ణనము కావ్యమునకు తొలియంగముగా లాక్షణికులు విధించుటచేత ప్రతి ప్రబంధమునందును ఒక నగరము, నగరమునందొక రాజవీధి తప్పక యుండును. అవి పెక్కు తావుల ఒకే అచ్చున పోతపోసినట్లుండునన్న మాటయు నిజమే. కాని వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము ఆ అచ్చును పగులగొట్టినది. గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు ఓరుగంటి వీధులలో పొద్దుగూకులు నడచుచు, పూటకూటి యింటినుండి కోడిపందెముల వరకు, కంటబడిన ప్రతిదానిని గూర్చి ముచ్చటించుకొనుటయే అందలి కథ. తెలుగులో వీధికి వ్రాసిన నీటిరంగుల చిత్రమేదైన నున్నచో అదియే. అయితే గమనింపుడు. ఆ మిత్రులిద్దరును మాచల్దేవి యింటి చిత్రశాలలో ప్రవేశించినప్పుడు గోడలపై వారికి కనిపించిన వేమి? దారుకావనమున శివుడు, గోపికల నడుమ కృష్ణుడు, ఇట్టి పురాణశృంగారగాథలు. వీధినంతయు కన్నులార చూచి వచ్చిన కవి సైతము, బొమ్మ యనగానే పురాణము తప్ప మరియొకటి యుండునని ఊహింపలేదు. ఓరుగంటి చిత్రకారుడు తన వాకిలి యవతలి దృశ్యమును గోడమీదికి తేలేదు. మాటకు వీధిని చూచు హక్కు కలిగినది, కుంచెకు కలుగలేదు.

కుంచెకు ఆ హక్కు మన దేశమున ఇచ్చినది, విచారకరమైన విషయమే యైనను, పరరాజ్యము. ఇంగ్లాండులో నీటిరంగుల పద్ధతికి పునాది వేసినవారిలో ఒకడైన పాల్ శాండ్బీ 1768 మొదలు వూలిచ్ సైనికపాఠశాలలో చిత్రలేఖనాచార్యుడై యుండెను. కోటను, కనుమను, నదిరేవును చూచి వెంటనే కాగితముపై దింపగల అధికారి సైన్యమునకు కావలెను. ఫొటోగ్రాఫు పుట్టని కాలమది. ఆ శిక్షణయే, ఆ సంప్రదాయమే కొలతగొలుసుల వెంట మన దేశమునకు నడచివచ్చినది. సర్వేయరైన కర్నల్ మెకంజీ 1816 తరువాత అమరావతి శిల్పములకు చిత్రములు గీయించినప్పుడు మనకు జరిగిన మేలు అపారము. తరువాత సున్నపుబట్టీల పాలైన శిలలు కొన్ని ఆ కాగితములమీదనే బ్రతికియున్నవి. అయినను అది సర్వేయరు చూపు. దేశమును తెలిసికొనుటయు, దేశమును పట్టుకొనుటయు ఆ చూపులో వేరు వేరు కావు. ఆ చూపునకు కోట ముఖ్యము, కొండ ముఖ్యము. బడినుండి యింటికి పోవు బాలుడు కొలతకోసము నిలిపిన మానవాకృతి మాత్రమే.

ఈ చరిత్రలో ఒక మలుపు రాజమహేంద్రవరమున సంభవించినది. అందుకు కారకుడైనవాడు కూడ ఆంగ్లేయుడే, కాని సర్వేయరు కాడు. ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే ఆక్స్‌ఫర్డునకు సమీపమున, థేమ్సు నదియొడ్డున నున్న ఆబింగ్డన్ పట్టణమువాడు, ఆక్స్‌ఫర్డులో చదివినవాడు. అనగా నేను మొదట చెప్పిన ఆ వీధిలో విద్యార్థిగా నడచినవాడు. 1853లో పాఠశాలగా మొదలై కళాశాలగా ఎదిగిన రాజమహేంద్రవరపు ప్రభుత్వకళాశాలకు ఆయన అధ్యక్షుడై వచ్చెను. అంతకు తరమున్నర ముందు ఆ ఊరివీధులలోనే, 1881 డిసెంబరు 11వ తేదీన, కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతువివాహమును జరిపించియుండిరి. ఊరంతయు అట్టుడికిపోయిన వీధులవి. విద్య గోడ దాటి వీధిలోనికి వచ్చుట యననేమో తెలిసిన ఊరది. కూల్డ్రే ఆ ఊరికి తగిన అధ్యక్షుడు. కవి, కథకుడు, చిత్రకారుడు. అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు మొదలైన యువకులు ఆయన చుట్టు చేరిరి. ఆయన వారిని గోదావరి గట్టునకు తీసికొనిపోయెను, అజంతా చూపించెను. దామెర్ల రామారావను బాలుని చేతిలోని నేర్పును గుర్తించి, బొంబాయిలోని జె.జె. చిత్రకళాశాలకు పంపించెను.

ఇందులో నన్ను ఎల్లప్పుడును ఆలోచింపజేయు అంశమొకటి కలదు. ఆక్స్‌ఫర్డు వీధులనుండి వచ్చిన ఆ గురువు తన శిష్యులను ఆక్స్‌ఫర్డువలె చిత్రింపుమనలేదు. మీ నదిని చూడుడు, మీ మనుష్యులను చూడుడు, మీ పూర్వుల గోడచిత్రములను చూడుడు అని చెప్పెను. వినికిడి తగ్గి 1919లో ఉద్యోగము విరమించి స్వస్థలము చేరిన పిమ్మట ప్రకటించిన కవితాసంపుటికి ఆయన పెట్టిన పేరు థేమ్సు-గోదావరి. 1924లో దక్షిణభారతస్మృతులతో మరియొక గ్రంథమును ప్రకటించెను. 1958లో కన్నుమూయు వరకు ఆబింగ్డనులో నుండి తన ఊరి వీధులను, నదీతీరమును నీటిరంగులలో చిత్రించుచునే యుండెను. శిష్యుడు గతించిన ముప్పదిమూడేండ్లకు గురువు గతించెను. ఆ వృద్ధుడు థేమ్సు గట్టున కాగితము తడుపునప్పుడు గోదావరి జ్ఞప్తికి రాకపోయియుండునా యని ఊహించుట నాకు ఇష్టము. కాని ఊహ ఊహయే.

రామారావుగారు బొంబాయినుండి తిరిగివచ్చి 1923లో రాజమహేంద్రవరమున భారతీయచిత్రకళకై ఒక సంఘమును, పాఠశాలను నెలకొల్పిరి. ఆయన చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారు, ఆయన సహధర్మచారిణి సత్యవాణిగారు, మిత్రులు వరదా వెంకటరత్నముగారు ఆ చిత్రకళాకుటుంబమునకు చెందినవారు. అదే కాలమున బందరు ఆంధ్రజాతీయకళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయుడు వంగదేశపు పద్ధతిని నేర్పుచుండెను. 1903 ప్రాంతమున కలకత్తాకు వచ్చిన జపాను చిత్రకారులనుండి అవనీంద్రనాథుడు గ్రహించి మార్చుకొన్న, కాగితమును మరల మరల నీట కడిగి రంగును మంచువలె పరచు పద్ధతి యది. ఆ పద్ధతి సౌందర్యమును నేను కాదనను. కాని ఆ మంచులో వీధి కనబడదు. అది స్వప్నములకు తగిన వాతావరణము. రామారావుగారి గీత దానికంటె గట్టిది, ఆయన దేహములు నేలమీద నిలిచిన దేహములు. పుష్పాలంకరణమును, సిద్ధార్థరాగోదయమును చూచినవారికి ఆ మాట వేరుగా చెప్పనక్కరలేదు. గోదావరిని, పాపికొండలను చిత్రించిన ఆ చేయి మరి ముప్పదియేండ్లు బ్రతికియున్నచో రాజమహేంద్రవరపు ఇన్నీసుపేట వీధికి కూడ తప్పక వచ్చియుండెడిదని నా నమ్మకము. నదివరకు వచ్చిన చిత్రకారునకు వీధి ఎంతో దూరము కాదు. మనకు మిగిలినది ఆ నమ్మకము మాత్రమే.

ఇప్పుడు మన ఉత్తరాంధ్రమునకు వచ్చెదను. విజయనగరమును విద్యలనగరమని పిలుచుట పేరులోని శ్లేషచేత మాత్రమే కాదు. మహారాజావారి కళాశాల, సంస్కృతకళాశాల, 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులుగా ఆరంభమైన సంగీతకళాశాల: ఇవన్నియు ఒకే ఊరిలో, కోటకు నడకదూరములో నున్నవి. కోటనుండి మూడులాంతర్ల మీదుగా గంటస్తంభమువైపు పోవు బాటను మీలో చాలమంది యెరుగుదురు. ఒక సాయంకాలము ఆ బాటను గురజాడ అప్పారావుగారు నడచియుందురు. 1892లో ప్రథమముగా ప్రదర్శితమైన కన్యాశుల్కమునందలి మాటలు గ్రంథములనుండి గాక ఆ వీధి నోటినుండి ఏరుకొన్నవి. వ్యావహారికభాషావాదమంతయు, ఒక విధముగా చూచినచో, తరగతిగదిపై వీధి వేసిన వ్యాజ్యము. ఆ వ్యాజ్యమున వీధి గెలిచినది. నా ఈ గ్రాంథికవాక్యములు ఓడినపక్షపు భాష యని నేనెరుగకపోలేదు. కొంచెము తరువాత అదే బాటను ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఫిడేలుతో నడచియుందురు. పైడితల్లి సిరిమాను నేటికిని కోటవరకు మూడుమారులు ఆ వీధిననే సాగును. ఏ విద్యానగరమున నున్నది ఇంతటి వీధి? అంట్యాకుల పైడిరాజుగారు ఆ పట్టణముననే చిత్రకళాశిక్షణకు దీపము వెలిగించిరి గదా. అయినను ఆ వీధి అనగానే తెలుగువారి కన్నుల ముందు నిలుచు చిత్రమొకటి యున్నదా? టర్నరు గీచిన ఆ ఇరుకుబాట చూడనివానికి సైతము తెలియును. మన గంటస్తంభపు వీధి చూచినవానికే జ్ఞప్తిలో మాసిపోవుచున్నది.

ఆంధ్రవిశ్వకళాపరిషత్తు కథ వేరు. 1926లో బెజవాడలో అవతరించి, 1930లో వాల్తేరు చేరి, యుద్ధకాలమున గుంటూరునకు తరలి, మరల సముద్రతీరమున స్థిరపడిన ఆ సంస్థ కట్టమంచి రామలింగారెడ్డిగారి దీక్షకును, జయపురమహారాజగు విక్రమదేవవర్మగారి ఏటేటి లక్షరూపాయల దానమునకును ఋణపడియున్నది. కట్టమంచివారు కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవారు. వారి తరువాత 1931నుండి ఐదేండ్లు ఉపాధ్యక్షులైన రాధాకృష్ణపండితుడు ఇచ్చటినుండియే 1936లో ఆక్స్‌ఫర్డునకు ఆచార్యుడై పోయెను. ఆయన సభ్యుడైన ఆల్ సోల్స్ కళాశాల యున్నది హై స్ట్రీటుననే. టర్నరు చిత్రమున వీధిచివర కనబడు శిఖరము, టర్ల్ స్ట్రీటు ఆ హై స్ట్రీటును కలియు మూలన నున్నది. వాల్తేరు గుట్టలనుండి పోయిన మన పండితుడు పదునారేండ్లు ఆ శిఖరపునీడను చూచెనన్నమాట. ఆ దేవాలయము నేడు లింకన్ కళాశాలకు గ్రంథాలయము. ఊరు మారినను, ప్రయోజనము మారినను, 1806 నాటి కాగితముతో పోల్చిచూచుకొని, మారినదేదో మారనిదేదో ఆ ఊరివారు చెప్పగలరు. మనకు పోల్చుకొనుటకు మొదటి కాగితమే లేదు. వాల్తేరు గుట్టమీద వెలసినది పరిషత్తు. దానికి ప్రాంగణము కలిగినది గాని, ఊరికిని దానికిని నడుమ ఒక పాతవీధి పుట్టుటకు వలసిన శతాబ్దములు ఇంకను గడువలేదు. ఇప్పుడు గడచుచున్నవి. ఇప్పుడే చిత్రింపవలెను.

ఫొటోగ్రాఫు ఉండగా ఈ శ్రమయేల యని కొందరడుగుదురు. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నిదర్శనమునకై ఫొటోగ్రాఫు చాలును. దానిని మించినది లేదు. కాని అందులో ప్రకటనపలకయు, విద్యుత్తీగయు, ముసలి అధ్యాపకుడును సమానులే; యంత్రమునకు పక్షపాతము లేదు. చిత్రకారుడు మూడుగంటలు అరుగుమీద కూర్చుండి, ఏది విడువవలెనో, ఏది నిలుపవలెనో నిర్ణయించును. ఆ మూడుగంటలలో దారినపోవువారు ఆగి భుజముమీదుగా చూచి, మా అరుగు ఇంత అందముగా నున్నదా యని అడుగుదురు. ఆ ప్రశ్న పుట్టిన వీధిలో అరుగును రేపు కూలగొట్టుట కొంచెము కష్టమగును. విద్యానగరపు వీధులను కాపాడుటకు చట్టములు చేయుడని నేను కోరుటలేదు. ఎవరును చూడని వీధిని ఏ చట్టమును కాపాడలేదు.

అయితే నీటిరంగుల చిత్రము కడు సుకుమారమైనది. 1888లో రస్సెల్, ఆబ్నే యను శాస్త్రజ్ఞులు ఇంగ్లాండులో జరిపిన పరిశోధనచేత, వెలుగుసోకి ఏయే రంగులు ఎట్లు వెలిసిపోవునో నిరూపితమైనది; మన నీలిమందు అట్లు వెలిసిపోవు రంగులలో నొకటి. మన తీరపు తేమకు కాగితమునకు బూజు పట్టును, చెదలు పట్టును. రాజమహేంద్రవరములో రామారావుగారి పేర నున్న చిత్రశాలలోని కాగితములు ఇంతకాలము నిలిచినవన్నచో, ఆయన గతించినపుడు మిత్రులును, ఆప్తులును ఒక్కొక్కదానిని కూర్చి దాచియుంచుటచేతనే. చిత్రించుట ఒకరి పని. దాచుట ఊరి పని.

కనుక ఉపాధ్యాయులకు నాదొక మనవి. ఆక్స్‌ఫర్డువారు 1674లో చేసిన పని చేయుటకు విశ్వవిద్యాలయము కానక్కరలేదు. మీ పాఠశాలలో ఏటేటా సంక్రాంతికి ఒక పెద్దకాగితమును అచ్చువేయుడు. క్రింద నెలలును, తిథులును, ఆ సంవత్సరము మీ యొద్ద పనిచేసిన ఉపాధ్యాయుల పేర్లును ఉండనిండు. పైన పిల్లలు చిత్రించిన ఒక వీధి ఉండవలెను. ఒక ఏడు చోడవరమున స్వయంభూ విఘ్నేశ్వరాలయపు వీధి, ఒక ఏడు శంకరము కొండక్రింది బాట, ఒక ఏడు పెద్దపిల్లలను విజయనగరమునకు తీసికొనిపోయి గంటస్తంభము చెంత కూర్చుండబెట్టుడు. మొదటి యేడు మాత్రము ఎక్కడికిని పోవలదు. కర్మాగారపు వాకిట బండ్ల బారు ఈ నెలయంతయు ఉండును. ఉదయము ఎనిమిదిగంటలకు ఎండ పడమటి గోడలమీద పడును. కాగితములు, రంగులు నేను తెచ్చితిని. ఈ బల్లపై నున్నవి.